ఆకలి వేసిన రైలు దారి

సముద్రానికి ఎంతో దూరాన ఉన్న సీమ మనది. తూర్పున నల్లమల అడ్డు. అయినా ఆ కొండల గుండానే గుంతకల్లు నుంచి డోన్, నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం, వినుకొండ మీదుగా గుంటూరు, బెజవాడలకు రైలు దారి పడింది. ఇది ఎందుకు పడిందో మన పిల్లలకు చెప్పవలసిన అవసరం ఉన్నది.

1876లో వానలు పోయాయి. పెద్దలు ధాత కరువు అని చెప్పుకొన్నది దీన్నే. 1871 నుంచి 1881 లోపల కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. అప్పటికే 1855లో కట్టిన ఆనకట్ట పుణ్యమా అని కృష్ణా డెల్టాలో వరి పండుతున్నది. గాని ఆ గింజలు మనకు చేరేదెట్లా? ఎడ్లబండ్లే దిక్కు. కరువులో దారి పొడుగునా గడ్డి లేదు, నీళ్లు లేవు. మనుషులకంటే ముందు ఎడ్లే పడిపోతే బండి ఎవరు లాగుతారు?

అందుకే కరువు రక్షణకు రైళ్లు వేయాలని 1880లో కరువు కమిషన్ చెప్పింది. ఆ విధంగా వచ్చినదే బళ్లారి–కృష్ణా లైను. మీటరు గేజి దారి. నల్లమలలో కొండ తొలిచారు, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తైన వంతెన కట్టారు. 1890 ప్రాంతానికి పని పూర్తయింది. పడమట హుబ్లీ మీదుగా గోవాలోని మార్మగోవా రేవుకు, 1908లో తూర్పున బందరుకు దారి కలిసింది. రెండు సముద్రాల నడుమ మన నంద్యాల నిలబడింది!

1990లలో ఇది బ్రాడ్ గేజి అయింది. దొరబావి పాత వంతెన వాడుక తప్పింది. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల లైను మొదలైంది. 2019లో అప్పటి కడప జిల్లా ఓబులవారిపల్లె నుంచి కృష్ణపట్నం రేవుకు మరో దారి పడింది.

ఇక్కడొక మాట ఆలోచించాలి. ధాత కరువు నాటికే మద్రాసు–రాయచూరు రైలు బళ్లారి జిల్లాలో ఉన్నది. అయినా అక్కడా జనం వేలాదిగా చచ్చిపోయారు. రైలు గింజలు తెస్తుంది గాని, కొనే డబ్బు తేదు కదా!

కోస్తా గింజలు మన దగ్గరకు రావాలని వేసిన దారి ఇది. ఇప్పుడో, ఆదోని, కోసిగి వైపు కూలీలు మిరపకోతలకు గుంటూరు సీమకు పోతున్నారు. వెంట పిల్లలూ పోతారు, బడి మానేస్తారు. ఆకలికి దారి చూపించారు మన పూర్వీకుల కాలంలో. చదువుకు దారి చూపించడం మన వంతు. వలసపోయే ఇంటి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకొనేటట్లు, నాలుగు నెలలపాటు ఇంత అన్నం, ఇంత నీడ మనమందరం కలిసి ఏర్పాటు చేయలేమా?