ప్రతిజ్ఞాఋణం: ఎర్రకోట విచారణలోని ఒక ధర్మసంకటం

1945 నవంబరు 5వ తేదీన ఢిల్లీ ఎర్రకోటలో సైనిక న్యాయస్థానం ఎదుట ముగ్గురు అధికారులు నిలిచారు. షా నవాజ్ ఖాన్, ప్రేమ్ కుమార్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్. ముగ్గురూ బ్రిటిష్ చక్రవర్తికి విధేయులమై ఉంటామని ప్రమాణం చేసి సైన్యంలో చేరినవారు. ముగ్గురూ ఆ ప్రమాణాన్ని విడిచి, ఆజాద్ హింద్ ఫౌజులో చేరి, అదే చక్రవర్తి సేనలతో పోరాడినవారు. ఈ విచారణను దేశభక్తిగాథగా మనం బాల్యం నుండి వింటూ వచ్చాం. ఆ గాథ సత్యమే. కాని ధర్మజిజ్ఞాసతో దానిని సమీపించినవారికి అందులో సాధారణంగా ఎవరూ విప్పని ఒక ముడి తగులుతుంది. వారిపై మోపిన అభియోగాలు రెండు విధాలు. చక్రవర్తిపై యుద్ధం చేయడం మొదటిది. తమ ఫౌజు నుండి పారిపోజూచిన సిపాయీలను చంపించడం, లేదా అందుకు తోడ్పడడం రెండవది. అనగా, ఒక ప్రమాణాన్ని విడిచినవారే మరొక ప్రమాణాన్ని విడిచినవారిని దండించారన్నది ఆరోపణ.

ద్వితీయ ప్రపంచయుద్ధ కాలంలో భారతదేశంలో నిర్బంధ సైనికభర్తీ లేదు. యుద్ధాంతానికి సుమారు 25 లక్షలకు చేరిన ఆ సైన్యమంతా స్వచ్ఛందంగా చేరినవారే. కడుపు చేతబట్టుకుని చేరినవాడి స్వేచ్ఛ ఎంతటిదని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే, కొత్తది మాత్రం కాదు. కురుక్షేత్రంలో ధర్మరాజు పాదాభివందనం చేయ వచ్చినప్పుడు భీష్మద్రోణులు చెప్పుకున్న సంజాయిషీ కూడా అదే: కౌరవుల అర్థానికి కట్టుబడిపోయామని. బంధాన్ని వారు ఒప్పుకున్నారు, దాని కోసం సిగ్గుపడ్డారు, అయినా తెంచుకోలేదు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదన్న మన సామెతలో ఉన్న సంస్కారమే ఆ సిపాయీల పల్లెలలోనూ ఉండేది. పంజాబులో తరతరాలుగా సైనికవృత్తిలో ఉన్న కుటుంబాలకు ఉప్పు తిన్న ఋణం మతవిశ్వాసం వంటిది.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు పతనమైంది. రెండు దినాల తరువాత ఫేరర్ పార్కు మైదానంలో నలభై వేలకు పైగా భారతీయ సైనికులను బ్రిటిష్ ప్రతినిధి జపాను అధికారి ఫుజివారాకు అప్పగించాడు. ఇక మీదట వీరి ఆజ్ఞలనే పాటించండని చెప్పి వెళ్ళిపోయాడు. ప్రమాణం స్వీకరించిన పక్షమే తమను విడిచిపెట్టిందన్న భావం ఆనాడు అనేకుల హృదయంలో నాటుకుంది. కెప్టెన్ మోహన్ సింగ్ పిలుపుపై కొందరు ఫౌజులో చేరారు, అనేకులు నిరాకరించారు. షా నవాజ్ కూడా తొలుత వ్యతిరేకించినవాడే. తన మనుషులను కాపాడడానికీ, ఫౌజు జపానువారి పనిముట్టుగా మారితే లోపలినుండే దానిని భగ్నం చేయడానికీ చేరానని ఆయన న్యాయస్థానంలో చెప్పాడు. 1943లో సుభాష్ చంద్ర బోసు రాకతో ఆయన మనస్సు మారింది. రాజా, దేశమా అన్న ప్రశ్న తన ముందు నిలిచిందనీ, దేశాన్ని వరించాననీ, రాజసేవలో ఉన్న సొంత కుటుంబానికి ఎదురు నిలవడానికి కూడా సిద్ధపడ్డాననీ ఆయన వాఙ్మూలం.

1943 అక్టోబరు 21న సింగపూరులో సుభాష్ ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వాన్ని ప్రకటించి, దైవసాక్షిగా ప్రమాణం చేశాడు. సరిగా ఎనిమిది దినాల తరువాత, అక్టోబరు 29న, హాంగ్‌కాంగులో మన హైదరాబాదులో జన్మించిన మరొక అధికారి శిరచ్ఛేదానికి గురయ్యాడు. ఆయన ఏడవ రాజపుత్ర రెజిమెంటుకు చెందిన కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ. సంస్థాన పాలక కుటుంబంతో ఆయనకు బంధుత్వమున్నదని తెలిసి, బ్రిటిష్ విధేయతను వదులుకొమ్మనీ, తోటి బందీలను తమవైపు తిప్పమనీ జపానువారు ఒత్తిడి చేశారు. ఆకలితో మాడ్చారు, హింసించారు. ఆయన తన మాట వదలలేదు, పైగా బందీల పలాయనయత్నాలకు సహాయపడ్డాడు. తెలుగునేలకు సంబంధించిన ఈ మరణాన్ని మనం స్మరించుకోవడం అరుదు, ఎందుకంటే ఆయన నిలబడిన పక్షం మనకు నచ్చినది కాదు. ఆయన నిలుపుకున్న ప్రమాణం పరాయి రాజుకు చేసినదన్న కారణంతో ఆ సత్యనిష్ఠను తక్కువచేసి చూడడానికి నాకు మనసొప్పదు.

మన స్మృతులు యుద్ధవిముఖుని విషయంలో కఠోరమైనవి. భయంతో వెన్నిచ్చి పారిపోతూ హతుడైన యోధుని పుణ్యం ప్రభువుకు చెందుతుందనీ, ప్రభువు పాపం అతనికి అంటుతుందనీ మనువు విధించాడు. అయితే అది భీతుని గూర్చిన మాట. పక్షాన్ని విడిచిన ప్రతివాడూ భీతుడు కాడు. భీష్మపర్వంలో ధర్మరాజు ఉభయసేనల మధ్య నిలిచి, మా పక్షాన్ని కోరేవాడెవడైనా ఉంటే రావచ్చునని ఎలుగెత్తి పిలిచాడు. ధృతరాష్ట్రునికి వైశ్యస్త్రీ యందు జన్మించిన యుయుత్సుడు ముందుకు వచ్చాడు. రాత్రిచాటున రాలేదు, అన్నలూ తమ్ములూ చూస్తుండగా, దుందుభి మ్రోగిస్తూ వచ్చాడు. ఆయుధం వదిలి ప్రాణరక్షణ చేసుకోలేదు, అదే యుద్ధంలో అధికప్రమాదమున్న పక్షాన నిలిచాడు.

ఈ దృష్టాంతంతో ఫౌజువారిని సమర్థించి ఊరుకోవడం సులభం. పోపా పర్వతం ఆ సౌలభ్యాన్ని మనకు ఇవ్వదు.

1945 ఆరంభంలో బర్మాలో ఇరావతీ తీరాన ఫౌజు చివరి పోరాటాలు సాగుతున్నాయి. ఆహారం లేదు, మందుగుండు లేదు, ఆకాశమంతా శత్రువిమానాలదే. ఫౌజు అధికారులలోనే కొందరు బ్రిటిష్ పక్షానికి వెళ్ళిపోయారు. పోపా ప్రాంతంలో పారిపోజూచారన్న నేరంపై నలుగురు సిపాయీలకు మరణశిక్ష పడింది. మార్చి 6న ధిల్లాన్ ఆజ్ఞతో వారిని కాల్చివేశారని ప్రభుత్వపక్షం వాదించింది, శిక్ష విధించిన మాట నిజమే కాని అమలు జరగలేదని ధిల్లాన్ చెప్పాడు. ఆ నలుగురి మనస్సులో ఏమున్నదో తెలియజేసే వాఙ్మూలం ఏదీ మన ముందు లేదు. భయమా, ఆకలియా, లేక తొలి ప్రమాణం వైపు తిరిగిపోదామన్న పశ్చాత్తాపమా? మూడవదే అయితే వారు చేయబోయినది షా నవాజు చేసిన పనికి ప్రతిబింబమే కదా!

అదే మార్చిలో ద్రోహులపై కఠినశాసనాలు ప్రకటిస్తూ సుభాష్ ఒక వెసులుబాటు కూడా ఇచ్చాడు. ఇక మీదట విశ్వాసంతో, ధైర్యంతో పోరాడలేనివారు ఒక వారంలోగా ఫౌజును విడిచిపోవచ్చునన్నాడు. ఇది చదివినప్పుడు నాకు ధర్మరాజు పిలుపే స్మరణకు వచ్చింది. శిక్షకు ముందు ద్వారం తెరవాలన్న స్పృహ ఆ నాయకునికి ఉంది. ఆ నలుగురి విషయంలో మాత్రం ద్వారం ఆలస్యంగా తెరుచుకుంది.

కర్ణపర్వంలో గాండీవాన్ని నిందించినవానిని వధిస్తానన్న రహస్యవ్రతం కోసం అర్జునుడు అన్నపైనే కత్తి దూశాడు. అప్పుడు శ్రీకృష్ణుడు కౌశికుని కథ చెప్పాడు. సత్యమే పలుకుతానన్న వ్రతంతో దొంగలకు దారి చూపి, అమాయకుల చావుకు కారణమై, నరకానికి పోయిన తాపసి అతడు. వ్రతం కంటె ధర్మం పెద్దదని దాని తాత్పర్యం. ఇంతవరకు అందరూ చెబుతారు. ఆ తరువాత జరిగినది కూడా గమనించదగినదే. వ్రతాన్ని ఊరికే వదిలేయమని కృష్ణుడు అనలేదు. పూజ్యుని ఏకవచనంతో నిందించడం వధతో సమానమని చెప్పి, ఆ విధంగా వ్రతఋణం తీర్పించాడు. అర్జునుడు ఆ నింద పలికి, దుఃఖంతో కుమిలి, తన ప్రాణమే తీసుకోబోయాడు. ప్రతిజ్ఞను మించిన ధర్మం ఉండవచ్చు గాని, మూల్యం చెల్లించకుండా ప్రతిజ్ఞను దాటడానికి వాసుదేవుని సన్నిధిలో కూడా దారి లేకపోయింది.

ఎర్రకోటలో భూలాభాయి దేశాయి వాదన మొదటి అభియోగం చుట్టూ నడిచింది. పరాధీన ప్రజకు స్వాతంత్ర్యం కోసం యుద్ధం చేసే హక్కు ఉన్నదనీ, రాజు వేరు, దేశం వేరు అయినచోట విధేయతాప్రమాణం బంధించజాలదనీ ఆయన నిరూపించజూచాడు. ఎన్నో ఏళ్ళుగా విడిచిన న్యాయవాది గౌనును నెహ్రూ తిరిగి ధరించి ఆ సభలో కూర్చున్నాడు. యుద్ధం చేసిన నేరానికి ముగ్గురూ దోషులని తీర్పు వచ్చింది. హత్యాభియోగాలలో ధిల్లాన్, సహగల్ నిర్దోషులయ్యారు. మరొక సైనికుని మరణానికి తోడ్పడ్డాడన్న అభియోగంలో షా నవాజు దోషి అయ్యాడు. దేశమంతా అట్టుడికిపోతుండగా సేనాధిపతి ఆకిన్‌లెక్ 1946 జనవరి 3న యావజ్జీవ ద్వీపాంతరవాసాన్ని రద్దు చేశాడు. ఉద్యోగం నుండి తొలగింపును, జీతభత్యాల జప్తును మాత్రం ఖాయం చేశాడు.

మహాభారతంలో యుయుత్సునికి రెండు పనులు మిగిలాయి. అడవిలో దావాగ్నికి ఆహుతైన తండ్రికి పాండవులతో కలసి జలతర్పణం ఇచ్చాడు. మహాప్రస్థానవేళ ధర్మరాజు పరీక్షిత్తును, రాజ్యభారాన్ని అతనికే అప్పగించి వెళ్ళాడు. పక్షం మార్చినవాని చేతికి కురురాజ్యమే వచ్చింది.

స్వతంత్ర భారతం ఆజాద్ హింద్ వీరులను కీర్తించింది, వారి గాథలను పాఠ్యపుస్తకాలలో చేర్చింది. వారిని తిరిగి సైన్యంలోకి మాత్రం తీసుకోలేదు. గౌను ధరించి వారి పక్షాన కూర్చున్న నెహ్రూయే అప్పుడు ప్రధానమంత్రి. షా నవాజ్ ఖాన్ లోక్‌సభకు ఎన్నికయ్యాడు, కేంద్రంలో ఉపమంత్రి అయ్యాడు. భారత సైన్యపు దుస్తులు మళ్ళీ ధరించలేదు.