మ్యాగ్నెటైజ్డ్ టార్గెట్ ఫ్యూజన్ అంటే ఏంటి? తక్కువ ఖర్చులో ఫ్యూజన్ కరెంటు సాధ్యమేనా?

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ అక్కర్లేదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఫ్యూజన్ శక్తి కోసం కొందరు శాస్త్రవేత్తలు దాదాపు ఇదే పద్ధతిని నమ్ముకున్నారు. దాని పేరే మ్యాగ్నెటైజ్డ్ టార్గెట్ ఫ్యూజన్.

ఫ్యూజన్ అంటే హైడ్రోజన్‌లోని రెండు రకాలు, డ్యుటీరియం, ట్రిటియం కలిసి హీలియంగా మారడం. అప్పుడు భారీగా శక్తి వస్తుంది. ఇందుకు సుమారు 10 కోట్ల డిగ్రీల వేడి కావాలి. అంత వేడిలో ఇంధనం ప్లాస్మా రూపంలో ఉంటుంది.

ఇప్పటివరకు రెండు దారులు ప్రధానంగా ఉన్నాయి. ఫ్రాన్స్‌లో నిర్మాణంలో ఉన్న ఐటర్‌లో పెద్ద అయస్కాంతాలతో ప్లాస్మాను ఎక్కువసేపు పట్టి ఉంచుతారు. ఇందులో భారత్ కూడా భాగస్వామి. అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 192 లేజర్లతో చిన్న ఇంధన గుళికను క్షణంలో నొక్కేస్తారు. 2022 డిసెంబర్ 5న అక్కడ 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తికి 3.15 మెగాజౌళ్లు వచ్చాయి. కానీ ఆ లేజర్లు నడపడానికి పట్టిన కరెంటు దాదాపు 300 మెగాజౌళ్లు! జమాఖర్చు చూస్తే ఇంకా నష్టమే.

మూడో దారి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ముందు ప్లాస్మాలో అయస్కాంత క్షేత్రం ఏర్పాటు చేస్తారు. అది వేడి గోడలకు జారిపోకుండా ఆపుతుంది. తర్వాత చుట్టూ ఉన్న లోహపు గోడను లోపలికి నొక్కుతారు. వేడి త్వరగా పోదు కాబట్టి లేజర్లంత వేగంగా నొక్కక్కర్లేదు, ఐటర్ లాంటి భారీ అయస్కాంతాలూ అక్కర్లేదు. ఖర్చు తగ్గుతుందనే ఆశ ఇక్కడిదే. గోడ లిథియందైతే అదే వేడిని తీసుకుంటుంది, ట్రిటియం కూడా తయారవుతుంది.

ఆలోచన కొత్తదేమీ కాదు. 1970లలోనే అమెరికా నౌకాదళ పరిశోధనశాల లైనస్ పేరుతో దీనిపై పని చేసింది. కెనడాలో మిషెల్ లబెర్జ్ 2002లో జనరల్ ఫ్యూజన్ కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ ఎల్‌ఎం26 యంత్రంలో 2025లో లిథియం గోడతో ప్లాస్మాను నొక్కి చూసింది. అదే ఏడాది డబ్బులు సరిపోక ఉద్యోగుల్లో సుమారు నాలుగో వంతు మందిని తీసేయాల్సి వచ్చింది.

చిక్కులు ఇంకా ఉన్నాయి. నొక్కేటప్పుడు ప్లాస్మా అదుపు తప్పొచ్చు. గోడ లోహం అందులో కలిస్తే చల్లబడిపోతుంది. పైగా కరెంటు కోసం ఇదంతా ఒక్కసారి కాదు, ఆగకుండా మళ్లీ మళ్లీ జరగాలి.

యంత్రం చవకైనంత మాత్రాన కరెంటు చవక కాదు. పెట్టిన దానికంటే ఎక్కువ తిరిగి రావాలి. ఈ పద్ధతిలో ఇంతవరకు ఒక్క యూనిట్ కూడా గ్రిడ్‌కు చేరలేదు.