లోహ విద్యుద్విశ్లేషణలో ఆనోడ్ పదార్థాలు

లోహాలను విద్యుద్విశ్లేషణతో తీసే ఘటంలో ఆక్సీకరణం జరిగే ధన ఎలక్ట్రోడ్‌ను ఆనోడ్ అంటారు. లోహం పేరుకునేది కాథోడ్ మీదే అయినా కరెంటు ఖర్చు, లోహం శుద్ధత, ఘటాన్ని ఎన్నాళ్లకు ఆపి శుభ్రం చేయాలన్నది చాలావరకు ఆనోడ్‌ను బట్టే ఉంటాయి. ఆనోడ్ దగ్గర ఆక్సిజన్ వెలువడుతుందా, క్లోరిన్ వెలువడుతుందా, లేక ఆనోడే కరుగుతుందా అన్నదాన్ని బట్టి పదార్థాన్ని ఎంచుకుంటారు.

కరిగే ఆనోడ్‌లు
రాగి శుద్ధిలో ఎంపిక సమస్య లేదు. పోతపోసిన ముడి రాగి పలకే ఆనోడ్. అది కరిగి శుద్ధమైన రాగిగా కాథోడ్ మీదికి చేరుతుంది. బంగారం, వెండి కరగక ఆనోడ్ మడ్డిగా అడుగున పడతాయి.

సల్ఫేట్ ద్రావణాలు
జింకు ఘటంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం, వెలువడే ఆక్సిజన్ కలిసి చాలా లోహాలను తినేస్తాయి. అక్కడ నిలిచేది 0.5 నుంచి 1 శాతం వెండి కలిపిన సీసం. ఆమ్లంలో దాని మీద ముదురు గోధుమరంగు లెడ్ డయాక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఈ పొర విద్యుత్తును పోనిస్తూనే లోపలి సీసాన్ని కాపాడుతుంది. వెండి వల్ల అరుగుదల, అధివోల్టేజి (ఆక్సిజన్ వెలువడడానికి అదనంగా కావాల్సిన వోల్టేజి) రెండూ తగ్గుతాయి. ద్రావణంలోని మాంగనీసు ఆనోడ్ మీద డయాక్సైడ్‌గా పేరుకుంటుంది. పలుచగా ఉంటే అది రక్షణ. మందంగా పెరిగితే పక్కనున్న కాథోడ్‌ను తాకి షార్ట్ అవుతుంది. అందుకే పలకలను పైకి తీసి గీకుతారు. రాలిన సీసం జింకులో కలవడం మరో చిక్కు: అత్యున్నత శ్రేణి జింకులో సీసం 0.003 శాతం దాటకూడదు. విశాఖపట్నంలో 1977లో మొదలై 2012లో మూతపడిన హిందుస్థాన్ జింక్ కర్మాగారం విద్యుద్విశ్లేషణతోనే జింకు తీసేది.

రాగిని ద్రావణం నుంచి తీసేటప్పుడు సీసం, కాల్షియం, తగరం మిశ్రమం వాడతారు. ద్రావణంలో కొద్దిగా కోబాల్టు కలిపితే ఆనోడ్ నెమ్మదిగా అరుగుతుంది.

పూత పూసిన టైటానియం
రుథీనియం ఆక్సైడ్ పూసిన టైటానియం ఆనోడ్‌కు హెన్రీ బీర్ 1965లో పేటెంటు కోరారు. క్లోరిన్ వెలువడే చోట ఇది బాగా పనిచేస్తుంది. ఆక్సిజన్ వెలువడే చోట ఈ పూత త్వరగా పోతుంది కాబట్టి ఇరిడియం, టాంటలం ఆక్సైడ్లు పూస్తారు. సీసపు ఆనోడ్‌తో పోలిస్తే ఇలా పూసిన ఆనోడ్ వల్ల వోల్టేజి తగ్గుతుంది, లోహంలో సీసం చేరదు. కానీ ధర ఎక్కువ, షార్ట్ అయితే పూత దెబ్బతింటుంది. పాడైన సీసపు పలకనైతే కరిగించి మళ్లీ పోతపోసుకోవచ్చు.

అల్యూమినియం
1886 నాటి హాల్–హెరూ పద్ధతిలో సుమారు 960 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగిన క్రయోలైట్ లవణంలో కార్బన్ ఆనోడ్ కాలిపోతూ కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. కిలో అల్యూమినియంకు లెక్క ప్రకారం 333 గ్రాముల కార్బన్ చాలు. కర్మాగారాల్లో 400 గ్రాములకు పైగా ఖర్చవుతుంది. కాలని ఆనోడ్ పెడితే కార్బన్ ఖర్చు, దాని పొగ పోయి ఆక్సిజన్ మాత్రమే వస్తుంది. అయితే విఘటనకు కనీసం కావాల్సిన వోల్టేజి సుమారు 1.2 నుంచి 2.2కు పెరుగుతుంది. కార్బన్ తాను కాలుతూ ఆదా చేస్తున్నది ఆ ఒక్క వోల్టునే.