చిప్పు వేడి, చీరాల ఎండ

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళ సామెత. ఆ సామెత పుట్టిన నాటికి కంప్యూటర్లు లేవు గనుక వాటి సంగతి అందులోకి ఎక్కలేదు. విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకొన్న కంప్యూటరు వేసవి మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోతే, "ప్రాసెసరు వేడెక్కిపోతోంది, మార్చేయాలి" అనే తీర్పు మన ఊళ్ళలో చాలా సులభంగా వినబడుతుంది. బ్లాగ్మిత్రులలో పలువురు దానిని విన్నవారే అయి ఉంటారు. ఆ తీర్పులో మొదటి సగమే నిజమని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ఈ వేడి ఎప్పుడు, ఎలా మన బల్లల మీదికి వచ్చిందో కొంత చరిత్ర చెప్పుకోవాలి. తెలుగు పండితునికి ఈ గొడవ ఎందుకంటారా? పదానికి వ్యుత్పత్తి వెదికే అలవాటు పదవీ విరమణతో పోదు గదా!

లెక్కలు చేసే యంత్రానికి వేడి పుట్టుకతో వచ్చిన గుణం. 1946లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు లోకానికి చూపిన ఎనియాక్‌లో సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. అది వాడుకొనే విద్యుత్తు 150 కిలోవాట్లు. ఆ విద్యుత్తంతా చివరకు వేడిగా బయటపడవలసినదే. అందుచేత గాలిని తోసే పెద్ద పంకాలు దానికి మొదటినుండీ అంగాలు. మన దేశంలో 1960లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పనికి వచ్చిన టిఫ్రాక్ కూడా ట్యూబుల యంత్రమే. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఈసీఐఎల్ నుండి 1969లో టీడీసీ-12 వెలువడేనాటికి ట్యూబుల కాలం పోయి ట్రాన్సిస్టర్ల కాలం వచ్చింది. అయినా వేడి పోలేదు. 1976 నాటి క్రే-1 అనే మహాయంత్రాన్ని చల్లబరచటానికి ఫ్రిజ్‌లలో వాడే ఫ్రియాన్ కావలసి వచ్చింది. 1985లో వచ్చిన క్రే-2ను ఏకంగా విద్యుత్తు పారని ద్రవంలో ముంచి ఉంచారు.

ఇవన్నీ పెద్దవారి జబ్బులు. బల్లమీది యంత్రాలకు చాలాకాలం ఆ బాధ లేదు. 1971లో ఇంటెల్ చేసిన 4004 చిప్పులో ఉన్నవి 2,300 ట్రాన్సిస్టర్లు; దానికి పంకా ఊసే లేదు. తరువాత ట్రాన్సిస్టర్లు వేలు దాటి లక్షలైనా వేడి అదే పాళ్ళలో పెరగలేదు. దీని కిటుకును 1974లో ఐబీఎం శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు వివరించారు. ట్రాన్సిస్టరును చిన్నది చేసి, వోల్టేజీని కూడా అదే పాళ్ళలో తగ్గిస్తే, ఎన్ని ఎక్కువ ఇమిడ్చినా ఆ కాస్త చోటులో పుట్టే వేడి పెరగదు. ముప్పై ఏళ్ళపాటు పరిశ్రమ ఈ సూత్రం నీడన బతికింది.

ఆ తరువాత నీడ తొలగింది. ట్రాన్సిస్టర్లు మరీ సన్నబడేసరికి, ఆపివేసినప్పుడు కూడా వాటిలోనుండి విద్యుత్తు కారిపోవటం మొదలైంది. వోల్టేజీని ఇంకా దించటం కుదరలేదు. 1993 నాటి తొలి పెంటియమ్ వేడి సుమారు 15 వాట్లు. 2004 ఫిబ్రవరిలో వచ్చిన ప్రెస్కాట్ రకం పెంటియమ్-4లో పై మెట్టు చిప్పులు 100 వాట్లు దాటాయి. ఇదే దారిలో పోతే కొద్ది ఏళ్ళలో చిప్పులు అణు రియాక్టరంత తీవ్రంగా వేడెక్కుతాయని 2001లోనే ఇంటెల్‌కు చెందిన పాట్ గెల్సింగర్ హెచ్చరించాడు. చివరకు 2004 మే నెలలో ఇంటెల్ టేజస్ అనే తరువాతి చిప్పును పుట్టకముందే విడిచిపెట్టింది. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో ఒకే చిప్పులో రెండు కోర్లు పెట్టుకొని కూడా 65 వాట్లతో సరిపెట్టుకొన్నది. మనం తెలుగులో బ్లాగులు మొదలుపెట్టిన రోజులలో చాలామంది ఇళ్ళలో ఉన్నవి సరిగ్గా ఆ పరమవేడి చిప్పులే కావటం ఒక చమత్కారం.

అలాంటి ప్రెస్కాట్ ఒకటి 2006 మేలో మా చీరాలను ఆనుకొన్న జాండ్రపేటలో నాకు తటస్థపడింది. (చీరాల అప్పట్లో ప్రకాశం జిల్లా, అంతకుముందు గుంటూరు, 2022 నుండి బాపట్ల. ఊరు కదలలేదు గాని జిల్లాలు మూడు మారాయి.) అది నా పూర్వ విద్యార్థి సొంతంగా బిగించుకొన్న కంప్యూటరు. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో శుభలేఖలు కంపోజు చేయటం అతని వృత్తి. పక్క గదిలో తండ్రి గుంటమగ్గం. మధ్యాహ్నమయ్యేసరికి యంత్రం ఆగిపోతున్నది. బజారులో ఒక షాపువారు ప్రాసెసరు, మదర్‌బోర్డు రెండూ మార్చాలన్నారు. "మాస్టారూ, ఈ ముహూర్తాలు దాటితే మళ్ళీ శ్రావణం దాకా పనుండదండీ. ఇప్పుడు అప్పుచేసి కొంటే తీర్చేదెట్లా?" అన్నాడు.

నేను బడిలోని సామాన్యశాస్త్రం మాస్టారి దగ్గర ఒక థర్మామీటరు అడిగి తెచ్చాను. మధ్యాహ్నం గది వేడి 39 డిగ్రీలు. బయాస్ తెర మీద ప్రాసెసరు వేడి 71. సాయంత్రం వాడరేవు వైపునుండి పైరగాలి తిరిగాక మళ్ళీ చూశాము. గది 31, చిప్పు 63. రెండు పూటలా తేడా 32 డిగ్రీలే! అంటే మధ్యాహ్నం చిప్పుకు కొత్తగా వచ్చిన రోగమేమీ లేదు. గది ఎంత పెరిగితే అదీ అంత పెరిగింది. పంకా గాలిని తోస్తుంది గాని చల్లబరచదు. గదిలోని గాలికంటే చిప్పును చల్లగా ఉంచటం ఏ పంకాకూ సాధ్యం కాదు. కాబట్టి తెర మీది అంకెను ఒక్కదానినే చూసి భయపడరాదు. అందులోనుండి గది వేడిని తీసివేసి, మిగిలినదాని సంగతి విచారించాలి.

ఆ 32 ఎక్కువే. దీనికి కారణం రెండు చోట్ల ఉండవచ్చు. చిప్పు మీద కూర్చొనే హీట్‌సింక్ అనే అల్యూమినియం రేకుల దిమ్మెను జాగ్రత్తగా తాకి చూడాలి. చిప్పు కాలుతుంటే దిమ్మె గోరువెచ్చగానే ఉన్నదంటే వేడి దానిదాకా ఎక్కటం లేదన్నమాట: మధ్యనున్న పేస్టు ఎండిపోయిందో, బిగింపు వదులైందో. దిమ్మె కూడా కాలుతుంటే వేడి ఎక్కింది గాని గాలి దానిని తీసుకుపోవటం లేదు. ఇక్కడ రెండు లోపాలూ ఉన్నాయి. దిమ్మెను పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ మేకులలో ఒకటి పైకి లేచి, దిమ్మె ఒకవైపు ఒరిగింది. ఆ కాలపు ఇంటెల్ బోర్డులలో ఇది తరచు కనిపించిన లోపమే. పంకా విప్పితే రేకుల మధ్య సన్నని నూగు, చాపలా పేరుకొని ఉన్నది. మగ్గం మీది నూలు నుండి రాలిన నూగు, గంజి పొడి కలిసి అతుక్కొన్న పొర అది. పాశ్చాత్యుల పుస్తకాలలో దుమ్మును గురించి ఉంటుంది గాని ఈ నేతపేటల నూగును గురించి ఉండదు. దుమ్ము ఊదితే పోతుంది, ఇది పోదు. రంగుల కుంచెతో గీకి తీయాలి.

తీశాము. పాత పేస్టును స్పిరిట్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి, మేకులు నాలుగూ ఎదురెదురు మూలల వరుసలో నొక్కాము. తేడా 32 నుండి 21కి దిగింది. 39 డిగ్రీల గదిలో చిప్పు 60. డబ్బాను నేల మీదనుండి, మగ్గం గది గోడ పక్కనుండి తీసి ఎత్తు బల్ల మీద, వెనుక జానెడు ఖాళీ ఉండేటట్లు పెట్టించాను. పొగాకు బ్యారన్‌కు కింద, పైన కిటికీలు ఎందుకుంటాయో తెలిసిన ప్రాంతం మాది. గాలి ఒకవైపు దూరి మరొకవైపు పోవాలని వారికి వేరే చెప్పవలసిన పని లేదు. పేస్టు ఖర్చు తప్ప మరేమీ కాలేదు. ఆ నెల శుభలేఖలన్నీ ఆ ప్రాసెసరు మీదనే తయారయ్యాయి.

నేటి చిప్పుల తీరు కొంత వేరు. 2022లో వచ్చిన రైజెన్ 7000 వరుసలో పెద్ద చిప్పులు, భారీ పని పడితే 95 డిగ్రీల దాకా పోయి అక్కడే నిలకడగా పనిచేసేటట్లు తయారైనవి. వేడి మరీ మించితే ఇప్పటివి తమంతట తామే వేగం తగ్గించుకొంటాయి. అందువలన లోపం ఆగిపోవటంగా గాక మందకొడితనంగా బయటపడుతుంది. పట్టుకోవటం మరింత కష్టం. వేసవి రాకముందే, మాఘంలోనో ఫాల్గుణంలోనో, ఒకసారి గది వేడి, చిప్పు వేడి, తేడా కాగితం మీద వ్రాసి డబ్బా లోపలివైపు అంటించి పెట్టుకోండి. మే నెలలోనూ అదే పని చేయిస్తూ చూసినప్పుడు తేడా మారకపోతే ఎండను తిట్టుకోండి. తేడా పెరిగితే కుంచె తీయండి.