మాయ ఊడినచోట

1843లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ లీవర్ ఫిట్స్ వచ్చిన గర్భిణుల మూత్రాన్ని పరీక్షించాడు. వేడిచేస్తే అది తెల్లసొనలా గడ్డకట్టింది. అందులో ఆల్బుమిన్ ఉంది. మూత్రపిండాల జబ్బుకు ఇదే గుర్తని అదే ఆసుపత్రిలో రిచర్డ్ బ్రైట్ అప్పటికే చెప్పి ఉన్నాడు. కాన్పయ్యాక ఆల్బుమిన్ పోతోందని లీవర్ గమనించినా, గుర్రపువాతం అనే ఈ ఫిట్స్ జబ్బు నేరం మాత్రం చాలాకాలం మూత్రపిండాల మీదే నిలిచింది. 1896లో ఇటలీలో రివా-రోచి పాదరసపు బీపీ పరికరాన్ని తయారుచేశాడు. మరుసటి ఏడు పారిస్‌లో వాకెజ్, నోబెకూర్ ఈ స్త్రీలలో రక్తపోటు పెరుగుతోందని చూపారు.

లక్షణాలు దొరికాయి, మూలం దొరకలేదు. 1914లో ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ అనుమానాన్ని మాయ మీదికి తిప్పాడు. రక్తం అందక చచ్చిన మాయ భాగాల నుంచి విషపదార్థాలు తల్లి ఒంట్లోకి చేరుతున్నాయన్నది ఆయన వాదన. 1939లో ఎర్నెస్ట్ పేజ్ ముత్యాల గర్భాన్ని సాక్ష్యంగా తెచ్చాడు. అందులో చాలాసార్లు బిడ్డే ఉండదు, మాయ కణజాలం ఒక్కటే గుత్తులు గుత్తులుగా పెరుగుతుంది. అయినా బీపీ వస్తుంది, గుర్రపువాతమూ వస్తుంది. ఈ వాదం మొత్తంలో ఇంతకంటే సూటి సాక్ష్యం నాకు కనబడదు.

1953లో బ్రౌన్, వీల్ అనే ఇద్దరు రేడియోధార్మిక సోడియంతో మాయ దగ్గరి రక్తప్రవాహాన్ని కొలిచి, బీపీ ఉన్న తల్లుల్లో అది తగ్గిందని చెప్పారు. అయితే పోటు పెరిగి ప్రవాహం తగ్గిందా, ప్రవాహం తగ్గి పోటు పెరిగిందా? కాన్పు తర్వాత చేతికొచ్చే మాయను ఎంత కోసి చూసినా ఈ ప్రశ్న తేలదు. అందులో కనిపించేవి ఎండిన మచ్చలు, గడ్డకట్టిన నెత్తురు, అంటే జరిగిపోయిన నష్టం. మాయకు రక్తం తెచ్చే ధమనులు ఎక్కువ భాగం గర్భసంచి గోడలోనే ఉండిపోతాయి.

జెఫ్రీ డిక్సన్, విలియం రాబర్ట్‌సన్ చూపు ఆ గోడ మీద పడింది. మాయ అంటుకున్న చోటి నుంచి చిన్న ముక్కలు తీసి పరిశీలించి 1958లో తొలి ఫలితాలు ప్రకటించారు. తర్వాత బెల్జియం వైద్యుడు ఇవో బ్రోసెన్స్ వారితో చేరాడు. 1967లో, మళ్లీ 1972లో వెలువడిన వారి వ్యాసాలు ఈ చరిత్రకు మలుపు. మామూలు గర్భంలో మాయ కణాలు తల్లి ధమనుల్లోకి చొరబడి, వాటి గోడల్లోని కండరాన్ని తొలగిస్తాయి. మెలికలు తిరిగిన సన్నటి ధమనులు వెడల్పై, బిగుసుకునే గుణం పోగొట్టుకుంటాయి. రక్తం ధారాళంగా, నెమ్మదిగా మాయను చేరుతుంది. గుర్రపువాతానికి దారితీసే గర్భంలో ఈ మార్పు పైపొరలోనే ఆగిపోతోంది. లోతున, గర్భసంచి కండరంలో ఉన్న ధమని సన్నగానే, బిగిసే స్వభావంతోనే మిగిలిపోతోంది. రక్తం తక్కువగా, ఒడుదుడుకులతో వస్తుంది. మాయలో కొన్ని భాగాలు చస్తాయి, బిడ్డ బరువు పెరగదు, ఒక్కోసారి కాన్పుకు ముందే మాయ విడిపోతుంది. బీపీ బయటపడేది సాధారణంగా 20 వారాలు దాటాకే. ధమనుల్లో లోపం అప్పటికే మొదలై ఉంటుంది.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది. ముగియనివ్వనిది ఆ ముగ్గురే. తల్లికి బీపీ లేకుండా బిడ్డ మాత్రం ఎదగని గర్భాల్లోనూ ఇలాంటి ధమనులే ఉండవచ్చని 1977లో రాశారు. అంటే సన్నటి ధమని ఒక్కటే చాలదు. మాయ కష్టాన్ని తల్లి రక్తనాళాల దాకా మోసుకెళ్లేది మరొకటి ఉండాలి. 2003లో బోస్టన్‌లో, భారతీయ మూలాలున్న అనంత్ కరుమంచి బృందం అలాంటి ప్రొటీన్‌ను చూపింది. పేరు ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1. జబ్బున్న మాయ దాన్ని అధికంగా విడుదల చేస్తుంది. తల్లి రక్తనాళాల లోపొరను కాపాడే పదార్థాలను అది పట్టేసుకుంటుంది. ఎలుకల్లో దాన్ని పెంచితే బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ కనిపించింది. గర్భం లేని ఎలుకల్లోనూ అంతే.

బీపీ మాత్రలు తల్లి మెదడును కాపాడతాయి. మారకుండా మిగిలిన ధమనిని వెడల్పు చేయలేవు. అందుకే వైద్యం వెనక్కి, తొలి నెలల వైపు జరిగింది. 2017లో వెలువడిన ఆస్ప్రే పరీక్షలో ముప్పు ఎక్కువున్న గర్భిణులకు 11-14 వారాల నుంచి 36 వారాల దాకా రోజూ 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. 37 వారాల లోపు కాన్పు చేయాల్సి వచ్చేంతగా జబ్బు ముదిరినవారు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 4.3 శాతం, ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 1.6 శాతం. నెలలు నిండాక వచ్చే జబ్బు మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు.