ఆన్‌లైన్ బ్యాంకింగ్ – క్రీడా బ్రాండింగ్: రావివలస, ఉద్దానం ప్రాంత నేపథ్యంలో చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

మార్కెటింగ్ పరిశోధనలో ఆన్‌లైన్ బ్యాంకింగ్ స్వీకరణ, క్రీడా బ్రాండింగ్ వేర్వేరు శాఖలుగా కనిపిస్తాయి. అయితే ఈ రెండింటిలో విరివిగా ఉపయోగించే సిద్ధాంతాలు రెండు ఒకే ఏడాది వెలువడ్డాయి. కొత్త సాంకేతికతను మనిషి స్వీకరించడానికి అది ఉపయోగకరమనీ, సులభమనీ అతనికి తోచడమే ప్రధాన కారణమని 1989లో ఫ్రెడ్ డేవిస్ ప్రతిపాదించాడు. ప్రసిద్ధ వ్యక్తికి సమాజం ఆపాదించిన అర్థాలు ప్రకటన ద్వారా వస్తువుకు, దాని నుంచి వినియోగదారునికి చేరుతాయని అదే ఏడాది గ్రాంట్ మెక్‌క్రాకెన్ వివరించాడు. టెక్కలి సమీపంలోని రావివలస మొదలు పలాస, ఉద్దానం తీరం వరకు గల ప్రాంతానికి ఈ సిద్ధాంతాలను అన్వయించినప్పుడు, రెండింటినీ కలిపే అంశం నమ్మకమని తెలుస్తుంది. ఆ నమ్మకం ఎవరి పేరు మీద నిలిచిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. బ్యాంకు పేరు – ప్రాంతీయ విశ్వాసం:

భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. జాతీయోద్యమ నాయకుని ప్రతిష్ఠ, ‘ఆంధ్ర’ అనే పేరు ఆ సంస్థకు తొలి పెట్టుబడితో సమానమయ్యాయి. 1980లో జాతీయమైన ఈ బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టింది. గ్రామీణ ప్రాంతాల్లో శ్రీకాకుళం కేంద్రంగా శ్రీవిశాఖ గ్రామీణ బ్యాంకు సేవలందించింది. 2006లో అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది. 2025 మే 1న రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఒకే సంస్థ అయ్యాయి. అంటే ఇరవై ఏళ్లలోపే గ్రామీణ ఖాతాదారుని పాసుపుస్తకం మీది పేరు రెండుసార్లు మారింది. ఖాతా కొనసాగినా, తరతరాలుగా పరిచయమైన పేరు కొనసాగలేదు.

3. క్రీడాకారుని పేరు – బ్రాండు:

‘బ్రాండింగ్’ అనే మాట ఇక్కడ వాడుకలోకి రాకముందే ఆ పని జరిగింది. వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు తన బలప్రదర్శనలతో సర్కస్ నడిపి ‘కలియుగ భీముడు’గా ప్రసిద్ధి చెందారు. ఆయన విషయంలో కీర్తి, అమ్మకపు వస్తువు రెండూ ఒకటే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమదాలవలస ప్రాంతానికి చెందిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచారు. ఆ విజయం జిల్లా పేరును దేశమంతటా వినిపించింది.

2016లో ఈ రెండు పాయలూ కలిశాయి. ఆ ఏడాదే యూపీఐ ప్రారంభమైంది. నవంబరులో పెద్దనోట్లు రద్దయ్యాయి. రియోలో రజతం గెలిచిన పి.వి. సింధును, కిదాంబి శ్రీకాంత్‌ను బ్యాంక్ ఆఫ్ బరోడా తన ప్రచారకర్తలుగా ఎంచుకున్నది కూడా అప్పుడే. సాధన, క్రమశిక్షణ, విజయం అనే అర్థాలు క్రీడాకారుల నుంచి బ్యాంకుకు చేరడం మెక్‌క్రాకెన్ సిద్ధాంతానికి చక్కని ఉదాహరణ.

4. ఉద్దానం అనుభవం:

పోస్టరు మీది ముఖం ఖాతాదారుని బ్యాంకు దాకా తేగలదు. ఆపదలో చెల్లింపు పూర్తి చేయలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. విద్యుత్తు రోజుల తరబడి నిలిచిపోయింది. కరెంటు, సిగ్నలు లేనిచోట డేవిస్ చెప్పిన ‘సులభత’ వ్యక్తి అభిప్రాయానికి సంబంధించినది కాదు, వసతులకు సంబంధించినది.

పలాస జీడి పరిశ్రమ మరో ప్రశ్నను ముందుంచుతుంది. జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. పిక్కలు కొట్టే మహిళల వేలిముద్రలు అరిగితే, ఆధార్ ఆధారిత చెల్లింపు యంత్రం వారిని గుర్తించలేదు. కష్టార్జితాన్ని సంపాదించిపెట్టిన చేతులే ఆ సొమ్ము తీసుకోవడానికి అడ్డవుతాయి. ఇటువంటి సందర్భంలో ఆసరా కాగలిగేది తెలిసిన మనిషి. రిజర్వు బ్యాంకు 2006లో అనుమతించిన బ్యాంకు ప్రతినిధుల విధానం, అంటే నేటి ‘బ్యాంకు మిత్ర’, ఈ అవసరాన్ని కొంత తీర్చగలదు.

5. ముగింపు:

స్వీకరణను వ్యక్తి ఒంటరిగా తీసుకునే నిర్ణయంగా చూసే సిద్ధాంతం ఈ తీరానికి సరిపోదు. ఇక్కడ నమ్మకం మొదట నాయకుని పేరు మీద, తరువాత సంస్థ పేరు మీద, ఆపైన క్రీడాకారుని ముఖం మీద నిలిచింది. పేర్లు మారినా ముఖాలు మారినా, సొమ్ము చేతికందని నాడు సమాధానం చెప్పే మనిషి దగ్గరలో ఉండాలి. కాబట్టి ఇకపై పరిశోధకులు ‘ఎందరు స్వీకరించారు’ అనే ప్రశ్నతో ఆగక, ‘విఫలమైనప్పుడు ఎవరి దగ్గరకు వెళ్లారు’ అని కూడా ప్రశ్నించవలసి ఉంది.