కుందేటి పళ్ళు, ఆశ్రమంలో దూడ

గురువారం నాటికి నేనొక మాట చెప్పవలసి ఉంది. మా ఇంటి కుందేలు చిట్టికి కింది దవడలో ఎడమ పక్కన చీముగడ్డ కట్టిందని మొన్నటి ఎక్స్‌రేలో తేలింది. వైద్యుడు సౌమ్యుడు. మూడు దారులున్నాయని చెప్పాడు. దవడ కోసి, చెడిన పళ్ళు పీకి, గడ్డను మూలంతో సహా తీసేయడం ఒకటి. ఇన్నాళ్ళూ చేస్తున్నట్టే ఆరు వారాలకోసారి మత్తిచ్చి పళ్ళు అరగదీస్తూ, నొప్పికి మందు పోస్తూ నెట్టుకురావడం రెండవది. మూడవదాన్ని ఆయన నోటితో అనలేదు. అనకుండానే మా ఇద్దరికీ అర్థమయింది. ఇంటికి వచ్చి, ఇలాంటి ఘడియలో మనకన్నా ముందు మనుషులు ఏం చేశారో అని పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. చేతకానివాడు చరిత్రను ఆశ్రయిస్తాడని మా ఆవిడ ఎద్దేవా చేసింది. నిజమే కావచ్చు.

ముందు పళ్ళ సంగతి. కుందేటికి ఇరవై ఎనిమిది పళ్ళు. పై దవడ ముందుపళ్ళ వెనుక మరో చిన్న జత దాగి ఉంటుంది. ఎలుకకూ కుందేటికీ ఉన్న భేదాల్లో అదొకటి. ఆ జతను చూసే శాస్త్రజ్ఞులు కుందేళ్ళను ఎలుకల నుంచి విడదీస్తూ వచ్చారు, 1912లో గిడ్లీ అనే ఆయన వాటిని పూర్తిగా వేరే గణంలో పెట్టాడు. ఈ ఇరవై ఎనిమిది పళ్ళూ బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్ళు వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతాయి. రోజంతా గరుకు గడ్డి నమిలే జంతువుకు ఈ పెరుగుదల వరం, అరిగినంత మేర మళ్ళీ వస్తుంది. గడ్డి మాని మెత్తటి తిండి తినే జంతువుకు అదే శాపం. పై దవడ పళ్ళు బుగ్గల వైపు, కింది దవడ పళ్ళు నాలుక వైపు ముళ్ళుగా సాగుతాయి. ఆకలి ఉంటుంది, తినలేదు. తినకపోతే ఒకటి రెండు రోజుల్లోనే పేగుల కదలిక మందగిస్తుంది. కుందేలు వాంతి కూడా చేసుకోలేదు.

ఇక్కడ మన భాష గురించి ఒక ముక్క. మన సామెతల్లో మూడే కాళ్ళున్న కుందేలు, చందమామలో కనిపించే కుందేలు, కొమ్ము మొలవని కుందేలు, ఇవన్నీ పొలాల్లో పరుగెత్తే అడవి కుందేళ్ళు, మన పెద్దలు చెవులపిల్లి అన్న జాతి. ఇప్పుడు ఇళ్ళలో పెంచుకునేది ఐబీరియా ద్వీపకల్పం నుంచి లోకమంతా పాకిన వేరే జంతువు. తెలుగు రెంటికీ ఒకే పేరు పెట్టి ఊరుకుంది. రోమనులు ఈ జాతిని ప్రహరీగోడలు కట్టిన తోటల్లో పెంచేవారని క్రీస్తు పూర్వం ఒకటవ శతాబ్దపు వారో రాతల వల్ల తెలుస్తోంది. క్రీస్తు శకం 600 ప్రాంతంలో పోపు గ్రెగరీ కుందేటి పసికూనల్ని ఉపవాస దినాల్లో తినవచ్చని ఆజ్ఞ ఇచ్చాడనీ, అందువల్లే ఫ్రెంచి సన్యాసులు వీటిని మచ్చిక చేశారనీ ఒక కథ చాలాకాలం గ్రంథాల్లో తిరిగింది. అది ఎవరో ఒక గ్రెగరీకి బదులు ఇంకో గ్రెగరీని చదువుకున్న పొరపాటని 2018లో కొందరు పరిశోధకులు తేల్చారు. నేనూ ఆ కథను పదిమందికి చెప్పినవాణ్ణే కాబట్టి ఇక్కడ లెంపలు వేసుకుంటున్నాను.

కథ తప్పయినా, కుందేలు మాంసం కోసం, చర్మం కోసం మనిషి దొడ్లోకి వచ్చిందన్నది మాత్రం నిజం. మాంసానికి పెంచే కుందేలు ఈనాటికీ సాధారణంగా మూడు నెలలు నిండకముందే కత్తికి బలి అవుతుంది. అంత చిన్న వయసులో పళ్ళు చెడేందుకు వ్యవధి ఏది? రెండు వేల ఏళ్ళ సహవాసంలో కుందేటి పంటి జబ్బు అనేది మనిషికి పెద్ద ప్రశ్న కాకపోవడానికి కారణం అదేనని నాకు తోస్తుంది. కుందేటిని ముసలిదయ్యేదాకా బతకనిచ్చిన తరువాతనే ఈ బాధ మన ముందుకు వచ్చింది. ఆపైన మరో పని కూడా చేశాం. ముద్దుగా ఉంటుందని గుండ్రటి ముఖం, పొట్టి దవడ గల మరుగుజ్జు జాతుల్ని తయారుచేశాం. నెదర్లాండ్స్‌లో 1940లో అధికారికంగా గుర్తింపు పొందిన మరుగుజ్జు రకం వాటిలో ప్రసిద్ధం. పొట్టి దవడలో పై పళ్ళూ కింది పళ్ళూ ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోవు. ఈ దవడ లోపం వంశపారంపర్యంగా వస్తుందని ఫాక్స్, క్రేరీ అనే ఇద్దరు 1971లో చూపించారు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ హార్కోర్ట్ బ్రౌన్ అనే పశువైద్యురాలు 1996లో, తిండిలో కాల్షియం కొరవడి ఎముక మెత్తబడటం కూడా పంటి జబ్బుకు మూలమని వాదించింది. పళ్ళు అరగకపోవడమే అసలు కారణమన్నది ఇతరుల వాదన.

ఎవరి వాదన నెగ్గినా నేను మాత్రం రెండు విధాలా దోషినే. మా అమ్మాయి ఏడవ తరగతిలో ఉండగా, గుండ్రటి ముఖం చూసి ముచ్చటపడి చిట్టిని కొన్నాను. రెండేళ్ళపాటు బొమ్మల పుస్తకాల్లో చూసినట్టు క్యారెట్టూ, బ్రెడ్డు ముక్కలూ, దుకాణంవాడు ఇచ్చిన గింజలూ పెట్టాను. ఇంటి వెనుక గరిక ఏపుగా పెరిగి ఉండేది, దాన్ని డబ్బిచ్చి పీకించాను.

నాకన్నా రెండున్నర శతాబ్దాల ముందువాడికి ఈ మాత్రం తెలుసు. ఆయన పేరు విలియం కౌపర్, పలకడం కూపర్ అని. కవి. తీవ్రమైన మనోవ్యాధి నుంచి తేరుకుంటూ 1774లో ఓల్నీ అనే చిన్న ఊళ్ళో మూడు అడవి కుందేటి పిల్లల్ని చేరదీశాడు. మూడూ మగవే. పుస్, టైనీ, బెస్ అని పేర్లు పెట్టుకున్నాడు. వాటి గురించి 1784లో జెంటిల్మన్స్ మ్యాగజైన్ పత్రికకు ఒక లేఖ రాశాడు. పెంపుడు జంతువు మీద ఇంత శ్రద్ధతో రాసిన రచన అంతకుముందు నేను చదవలేదు. అవి ఏ ఆకు ఇష్టంగా తింటాయో, కొమ్మల్ని ఎలా కొరుకుతాయో, ఎండుగడ్డి వాటికి ఎప్పుడూ అందుబాటులో ఎందుకు ఉండాలో అన్నీ చెప్పాడు.

ఒకసారి పుస్ మూడు రోజులు జబ్బుపడింది. తోటివి హింసిస్తాయని దాన్ని వేరుగా ఉంచి, రకరకాల ఆకులు తినిపించి, కూపర్ స్వయంగా సేవ చేశాడు. కోలుకున్న పుస్ ఆయన చేతి వెనుక భాగాన్ని నాకి, తరువాత అరచేతిని నాకి, ఆ తరువాత ఒక్కొక్క వేలినీ విడివిడిగా, వేళ్ళ సందుల్ని కూడా వదలకుండా నాకిందట. టైనీకి మాత్రం ఎంత సేవ చేసినా మచ్చిక అంటలేదు. దువ్వబోతే గుర్రుమని ముందుకాళ్ళతో కొట్టేది. అయినా దాని మీద కూడా ఆయన స్మృతిగీతం రాశాడు. పుస్ పన్నెండేళ్ళకు ఒక నెల తక్కువగా బతికి 1786 మార్చిలో చనిపోయింది. ఆ రోజు కూపర్ ఒక కాగితం మీద రాసి పెట్టుకున్న రెండు మూడు వాక్యాలు ఆయన పోయాక బయటపడ్డాయి. కేవలం వృద్ధాప్యం వల్ల, బాధ లేకుండానే పోయినట్టు కనబడిందని వాటి సారం. ఆ 'కనబడింది' దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పన్నెండేళ్ళు కనిపెట్టుకుని ఉన్నవాడు కూడా బాధ లేదని గట్టిగా అనలేకపోయాడు. కుందేలు వేటకు గురయ్యే జాతి, నొప్పిని దాచుకోవడం దాని స్వభావం. దాని ముఖకవళికలను బట్టి నొప్పిని అంచనా వేసే కొలమానం ఒకటి 2012లో వచ్చింది. కళ్ళు ఎంత మూసుకున్నాయి, బుగ్గలు ఎంత లోపలికి పోయాయి, మీసాలు ఎటు నిలిచాయి, ఇలాంటివి చూసి మార్కులు వేస్తారు. కూపర్‌కు ఆ సదుపాయం లేదు. నాకుంది, అయినా నా స్థితి ఆయన కన్నా మెరుగ్గా లేదు.

మన దేశంలో ఈ ప్రశ్నకు చాలాకాలం జవాబు ఒక్కటే: సేవ చెయ్యి, చంపకు. గుత్తికి దగ్గరలోని ఎర్రగుడి బండల మీద అశోకుడి రెండవ శిలాశాసనం ఉంది. మనుషులకూ పశువులకూ రెండు రకాల వైద్యం ఏర్పాటు చేశాననీ, మూలికలు లేనిచోటికి తెప్పించి నాటించాననీ అందులో చెప్పుకున్నాడు. 1580ల్లో వచ్చిన రాల్ఫ్ ఫిచ్ అనే ఆంగ్ల వర్తకుడు కాంబే ప్రాంతంలో కుక్కలకూ పిల్లులకూ పక్షులకూ ఆసుపత్రులుండటం చూసి, ముసలివీ కుంటివీ చచ్చేదాకా అక్కడే పోషిస్తారని ఆశ్చర్యపడ్డాడు. బొంబాయి పింజ్రాపోల్ 1834లో వెలిసింది. ఈ సంప్రదాయంలో చికిత్స మానడమనే మాటే లేదు, ఎందుకంటే నయం చేయడం దాని ప్రధాన లక్ష్యం కాదు. కాపాడటం లక్ష్యం.

ఆ సంప్రదాయపు నడిగడ్డ అయిన అహ్మదాబాదులో 1928లో గాంధీ ఒక పని చేశాడు. సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ అవిటిదై మంచాన పడింది. చికిత్స చేసిన వైద్యుడు ఇక లాభం లేదన్నాడు. పక్కకు ఒత్తిగిల్లడానికి కూడా దానికి శక్తి లేదు, కదిలిస్తే ప్రాణం పోయేంత నొప్పి. గాంధీ ఆశ్రమ నిర్వాహకులతో చర్చించాడు. ఇవ్వలేని ప్రాణాన్ని తీసే హక్కు మనకు లేదని వారిలో ఒకాయన అడ్డుచెప్పాడు. మన స్వార్థం కోసం తీసేటప్పుడు ఆ వాదం నిలుస్తుంది గానీ ఇక్కడ వర్తించదని గాంధీ అనుకున్నాడు. ఒక వైద్యుణ్ణి పిలిపించి, తన ఎదుటే విషపు ఇంజెక్షను ఇప్పించాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఊరు ఊరంతా దీన్ని మెచ్చదని ఆయనకు ముందే తెలుసు. అయినా దాచలేదు. నవజీవన్‌లోనూ, అక్టోబరులో యంగ్ ఇండియాలోనూ తానే రాశాడు. కోపంతో ఉత్తరాలు వచ్చిపడ్డాయి, ఆయన జవాబులు రాస్తూ పోయాడు. నాకు ఆ రాతల్లో ముఖ్యంగా కనిపించింది ధైర్యం కాదు, ఆయన గీసుకున్న హద్దులు. మనవాళ్ళు జబ్బుపడితే మనం వాళ్ళ ప్రాణం ఎందుకు తీయం? వాళ్ళకు సాయపడే మార్గం ఏదో ఒకటి సాధారణంగా మన చేతిలో ఉంటుంది, పైగా వాళ్ళు తమ సంగతి తాము ఆలోచించి నిర్ణయించుకోగలరు. ఈ రెండూ లేనప్పుడు, కోలుకునే ఆశ కూడా లేనప్పుడు, బాధను ముగించడం హింస కాదని ఆయన వాదన. దూడ విషయంలో సేవ చేసే దారి కూడా మూసుకుపోయింది. అక్కడే ఆయన నిర్ణయం నిలబడింది.

చట్టం సంగతి క్లుప్తంగా. రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరండేల్ ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లును ప్రభుత్వం ఇచ్చిన హామీ మీద ఉపసంహరించుకుంది. 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితి ఒకటుంటుందని ఆ చట్టంలోని 13వ సెక్షను ఒప్పుకుంటుంది. గాంధీ దూడ ముప్పై రెండేళ్ళకు చట్టం దాకా నడిచి వచ్చిందని నేను అనుకుంటాను. చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు.

ఇక నా ముందున్న లెక్క. కుందేటికి మత్తివ్వడం కుక్కకు ఇచ్చినంత తేలిక కాదు. బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2008లో వెలువడింది. మత్తు కారణంగా చనిపోయినవి కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం, కుందేళ్ళలో 1.39 శాతం. అప్పటికే జబ్బుతో ఉన్న కుందేళ్ళలో ఏడు శాతం దాటింది. చిట్టి ఇప్పటికి తొమ్మిదిసార్లు మత్తులోకి వెళ్ళి తిరిగివచ్చింది. కుందేటి చీము పెరుగులా గట్టిగా ఉంటుంది, గాటుపెట్టి పిండితే పోయేది కాదు. గడ్డ సంచిని మొత్తంగా తీయాలి, కొంత ఎముకను కూడా. తీసినా తిరిగి రాదన్న పూచీ లేదు. ఆపరేషను తరువాత వారాల తరబడి సిరంజితో తినిపించాలి.

ఆదివారం రాత్రి నలుగురం కూర్చున్నాం. అమ్మాయి ఇప్పుడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం. "డబ్బు గురించి ఆలోచిస్తున్నావా నాన్నా?" అని సూటిగా అడిగింది. ఆలోచిస్తున్నానని ఒప్పుకున్నాను. అబద్ధమాడితే తక్కినదంతా అబద్ధమవుతుంది. మా అమ్మ, "పోయే ప్రాణం దానంతట అది పోవాలిరా, నువ్వెవడివి?" అంది. సరిగ్గా ఆశ్రమంలో ఆ నిర్వాహకుడి మాటే, గుంటూరు యాసలో. మా ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది: "పోయినసారి పళ్ళు అరగదీయించాక ఎన్ని రోజులు హాయిగా తిన్నది?" నేను నోటు పుస్తకం తీశాను. మొదటిసారి ఇరవై ఎనిమిది రోజులు. ఐదవసారి పంతొమ్మిది. పోయినసారి ఆరు. ఈ అంకెలు రాసింది నేనే, వరుసగా ఎన్నడూ చదివి చూడలేదు.

ఎవరూ కాసేపు మాట్లాడలేదు. ఆపరేషను వద్దని తరువాత నేనే అన్నాను. అమ్మాయి ఏడ్చింది గానీ కాదనలేదు. అరగదీయడం కూడా ఇక వద్దు. నొప్పి మందు రోజుకు రెండు పూటలా, గరిక సన్నగా తరిగి, కొత్తిమీర నలిపి. సేవ చేసే దారి మాకింకా ఉంది కాబట్టి దూడ స్థితి రాలేదు. ఏది వచ్చిననాడు వచ్చినట్టు? తనంతట తాను కొత్తిమీర దగ్గరకు రావడం మానిన రెండవ రోజు అని కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాం. ముందుగా రాసుకోకపోతే ఆనాడు మూడవ రోజు చూద్దామంటానని నాకు తెలుసు. మా అమ్మ ఆ కాగితం వంక చూడటం లేదు. తెల్లవారుజామున లేచి, ఎవరూ చూడకుండా, చిట్టికి కొత్తిమీర కాడలు ఏరి పెట్టేది మాత్రం ఆమే.

నిన్న వచ్చి నాలుగు కాడలు తిన్నది. ఇవాళ మూడు.